ఎడమపీట

వర్షధారాపరిశ్రాంతములైన మేఘములు తమ శేషజలమును సముద్రమునకే యప్పగించి పడమటి కొండలవైపు తరలిపోయిన పిమ్మట కార్తికమాసారంభమున ప్రాగ్దిశాముఖమున నప్పుడప్పుడే పొడసూపుచున్న బాలభానుని కిరణములు ఉప్పుగాలికి తడిసిన తాటియాకుల కప్పులమీదను ఒడ్డున విఱిగిపడు కెరటముల నురుగులమీదను సమముగా ప్రసరించుచుండగా కడలివాడ యను నేతగాండ్ర పల్లెలో వీథి పొడవునను పడుగులు పఱవబడియుండెను. గంజి పట్టించిన నిలువుపోగులను తడి యాఱకమునుపే కుంచెలతో దువ్వవలెను గావున ఆ వేళ ఇంటికొక్కరు చొప్పున వీథిలోనికి వచ్చి ఒకరి పడుగునకు మఱియొకరు కొస పట్టుట ఆ పల్లె యాచారము. పిలువ నక్కఱలేదు, పిలిపించుకొనుటయే నామోషీగా నెంచెడివారు. పొరుగువాని పడుగు ఎండిపోవుచుండగా ఇంటిలో కూర్చుండి చల్దియన్నము తినువాడు ఆ వీథిలో నింకను పుట్టలేదు.

ఆ యాచారబలముచేతనే చౌడయ్య పడుగునకును కొస పట్టువా రుండిరి. దువ్వి చుట్టి మగ్గమున కెక్కించువఱకును నలుగురును నిలిచిరి, నవ్వుచు మాటాడిరి, వృద్ధుడు గావున ఆతని యారోగ్యము నడిగిరి, అటుపిమ్మట ఎవరి యిండ్లకు వారు పోయిరి. ఆతని మగ్గపు గదిలో పనికి నిలుచుట కొక్కరును ఒప్పుకొనలేదు. పడుగు సిద్ధముగా నున్నది. మగ్గము సిద్ధముగా నున్నది. మగ్గమున కెదుటనున్న రెండు పీటలలో ఎడమపీట మాత్రము వట్టిదిగా నుండెను.

ఆ పీట కథ యేమో చెప్పకున్న ముందు సంగతి తెలియదు గావున చెప్పుచున్నాను. కడలివాడలో నేయునది జాందానీ చీర. నేలపోగును నేయుచు నేయుచునే నడుమ నడుమ చిన్న కండెలనుండి పువ్వుపోగును తీసి చేతివ్రేళ్లతో చొనిపి పూయించెడి నేత యది. చీర వెడల్పు ఒక్క మనుష్యుని చేతులకు మించినది గావున గుంటమగ్గమున కెదుట రెండు పీటలు వేయుదురు. కుడిపీట మీదివాడు కుడిసగపు పువ్వులను ఎడమపీట మీదివాడు ఎడమసగపు పువ్వులను ఒక్కమాఱే వేయవలెను. ఒకని చేయి బిగిసి ఒకని చేయి సడలినచో చీర యేటవాలుగా పోవును. కావున జోడుగా కూర్చున్న యిరువురును భుజము భుజము తాకునట్లు ఏండ్ల తరబడి కూర్చుండి కూర్చుండి ఊపిరి సహిత మొక్కటిగా పీల్చుట కలవడుదురు. ఆలుమగల నడుమనైనను అంతటి సామీప్య ముండునో లేదో నేను చెప్పజాలను.

చౌడయ్యది కుడిపీట. ఆతని చేతిపువ్వు చీరకు లోవైపునను పైవైపునను ఒక్కతీరున నుండెడిది; కట్టుకొన్న యిల్లాలే ఏది పైవైపో తెలియక తికమక పడెడిది. ఆతని చీర యన్నచో సాహుకారులు బేరమాడక కన్నుల కద్దుకొని తీసికొనిపోయెడివారు. ఇంతటి పనివాని కింకొక సద్గుణము కూడ నుండెను. బుద్ధి యెఱిగిననాటినుండి ఆతడు ఎవ్వరిని ఒక పరుషవాక్యమైన ననియుండలేదు. కోపించుట యెఱుగడు, గొంతు పెంచుట యెఱుగడు, తోడివాని తప్పును నలుగురిలో మాట యటుండనిండు, నాలుగు గోడల నడుమనైనను ఎత్తిచూపి యెఱుగడు.

ఔరా, యెంతటి సాధువని చదువరులు చేతులు జోడింపబోవుదురేమో, కొంచెము తాళుడు. ఆ సాధుత్వమే ఆతని నొంటరివానిని చేసినది.

ఎడమపీట మీద మొట్టమొదట కూర్చున్నవాడు ఆతని తోడబుట్టిన నీలకంఠము. తల్లిదండ్రులు పోయిన పిదప తమ్ముని పెంచి పెద్దవానిని చేసి నేత నేర్పి తన ప్రక్కనే కూర్చుండబెట్టుకొన్నవాడు చౌడయ్యయే. పొద్దు వాలి పోగు కనబడని వేళకు నీలకంఠము పీట దిగి గుమ్మము దాటును. అంతట చౌడయ్య దీపము వెలిగించి ఎడమవైపునకు జరిగి తమ్ముడానాడు వేసిన పువ్వులను వ్రేలితో తడిమి వంకరగా నున్నదానిని వదులుగా నున్నదానిని ఏరి సన్నని వెదురుపుల్లతో ఆ పోగును మెల్లమెల్లగా లాగివైచి తన చేతితో మరల చొనుపును. నేలపోగు చెడదు, పువ్వు మాత్రము మాఱిపోవును. మఱునాడుదయమున తమ్ముడు వచ్చువేళకు తప్పన్నది మచ్చునకైన నుండదు. ఏమియు జరుగనివానివలె చిఱునవ్వు నవ్వి "రా, కూర్చుండుము" అనును.

"పాపము, చిన్నవాడు. మొగముమీద ననినచో చిన్నబుచ్చుకొనును. నాకు కొంచెము పని పెరిగిన పెరుగనిమ్ము. వాని మనసు కష్టపెట్టుట యెందుకు?" అని ఆతడు భార్యయైన సుభద్రతో అనెడివాడు. ఆమె అన్నము వడ్డించుచు ఔననెడిది. ఒక్కొక్కప్పుడు మాత్రము "విప్పుమని వానితోనే చెప్పరాదా?" అని యడిగెడిది. ఆతడు నవ్వి నీళ్లు త్రాగి లేచెడివాడు.

కొన్నియేండ్లు గడచెను. ఒకనాడు నీలకంఠము నేలచూపులు చూచుచు తన మామగారి యూరైన మొగలిదిబ్బలో తుండుగుడ్డలు నేయు ఒంటిమగ్గము దొరకినదనియు అచ్చటికి పోదలచితిననియు చెప్పి పెండ్లామును పసిబిడ్డను వెంటబెట్టుకొని తరలిపోయెను. జగడము లేదు, నిష్ఠురము లేదు. ఆ తరువాత పెండ్లిండ్లకు వచ్చెడివాడు, తద్దినములకు వచ్చెడివాడు, చాప చివరను కూర్చుండి "కులాసాయా అన్నా?" యని యడిగి విస్తరి యెత్తినవెంటనే సెలవు తీసికొనెడివాడు. పువ్వులు నేసిన చేయి తుండుగుడ్డలు నేయుట యేమని ఊరివారు ముక్కున వ్రేలు వేసికొనిరి. 

తమ్ముని తరువాత సన్న్యాసయ్య యనునొక నిపుణుడు ఆ పీట మీద కూర్చుండెను. కొంతకాలమునకు ఆతడును లేచి నిలిచి చేతులు కట్టుకొని "అయ్యా, మీకు జోడు అక్కఱలేదు" అని యొక్క మాట యని వెడలిపోయెను. ఆ మాట చౌడయ్య తల కెక్కలేదు. జోడు అక్కఱలేక తాను పిలిచి కూర్చుండబెట్టుకొన్నాడా? లోకమున కృతజ్ఞత యడుగంటినది కాబోలునని నిట్టూర్చెను. మఱికొందఱు వచ్చిరి, వచ్చినవారు వచ్చినట్లే పోయిరి. "దేవుని వంటివాడే గాని ఆ పీట మీద మాత్రము కూర్చుండలేము" అని వీథిలో చెప్పుకొనెడివారు. తిట్టెనా? తిట్టలేదు. కూలి యెగవేసెనా? అయ్యయ్యో, లేదు. మఱి యేమి కష్టము? ఏమో! తిట్టినవానిని గుఱించి పదిమందిలో చెప్పుకొనుటకు నోరుండును. దయ చూపినవానిని గుఱించి ఏమని చెప్పుకొందురు?

సుభద్ర యున్నన్నాళ్లు ఇంట మాట వినబడెడిది. ఆమె పోయిన పిదప ఆ యింట వినబడునది సముద్రపు హోరును పోగును అటునిటు దాటించు నాడె చప్పుడును మాత్రమే. ఆతడే ఎసరు పెట్టుకొనును, ఆతడే వడ్డించుకొనును, తిన్నది ఉప్పగా నున్నదో చప్పగా నున్నదో చెప్పుటకు ఎదుట మనుష్యుడు లేడు. మగ్గమున కూర్చుండి కుడిసగము వేసి పీట దిగి ఎడమపీట కెక్కి ఎడమసగము వేయును, మరల దిగును, మరల నెక్కును. ఒక్కొక్కమాఱు పనిలో మునిగి ప్రక్కకు చేయి చాపి "ఆ కండె యిటిమ్ము" అనెడివాడు. అని తానే యులికిపడి చాచిన చేతిని మోకాలిమీద పెట్టుకొనెడివాడు. ఆతనికి బెంగగా నుండెను. అది యెవరిమీది బెంగయో ఆతడే చెప్పలేకపోయెను. పైగా కన్నులకు పొర క్రమ్మజొచ్చినది. దీపము పెట్టిన తరువాత పోగు పోగు నంటుకొని కనబడుచుండెను. ఈ మాట ఆతడు ఎవ్వరితోను చెప్పలేదు. తనతో తాను కూడ చెప్పుకొనలేదు.

ఈ కార్తికమున పడుగెక్కించునపుడు ఆతడొక నిశ్చయమునకు వచ్చెను. ఒంటిగా నేసిన వెనుకటి చీర యేటవాలుగా పోగా సాహుకారు పెదవి విఱిచియుండెను. ఈ పడుగునకు జోడు దొరకినచో దొరకినట్లు. దొరకకున్నచో పడుగు కోసివైచి మగ్గము విప్పి గుంట పూడ్చివేయుటయే. గుంట పూడ్చిన నేతగాడు బ్రదికియున్నను లేనట్లే యని ఆతని కెవ్వరును చెప్ప నక్కఱలేదు.

ఆ పూటయే నీలకంఠము కూతురు అచ్చియ్యమ్మ వచ్చి గుమ్మములో నిలిచెను. ఆమెను కడలివాడలోనే నూలు రంగులు వేయు కుటుంబమున కిచ్చియుండిరి, అత్తగారి యొద్ద పువ్వుల నేత నేర్చినది, బిడ్డలు గల యిల్లాలు, చేయి చుఱుకైనది, నోరును తక్కువది కాదు.

"పెదనాన్నా, ఊరివారందఱు పడుగు పట్టి పోయిరట. పీట మీద నెవరు కూర్చుందురు, నీ నీడయా?" అని యడిగెను.

"ఎవరు కూర్చుందురమ్మా!" యని ఆతడు గొణిగెను.

"నేను లేనా? కొంచెము జరుగుము" అని కొంగు బిగించి ఎడమపీట మీద కూర్చుండి కాళ్లు గుంటలోనికి వ్రేలాడవైచెను. అంతటితో ఆ బేరము ముగిసినది.

ఆ దినములలో చౌడయ్య మొగము చూచినవా రాతనికి వయసు వెనుకకు మరలినదనుకొనిరి. అచ్చియ్యమ్మ పువ్వు వేయుచునే ఇంటి సంగతులు వీథి సంగతులు అత్తగారి సణుగుడు అన్నియు చెప్పెడిది. ఆతడు ఊకొట్టుచు నేసెడివాడు. మధ్యాహ్నము తాను తెచ్చిన చేపలపులుసులో సగ మాతని కంచమున వంచెడిది. పొద్దు వాలినపుడు ఆమె పోయిన పిదప ఆతడు పాతయలవాటున ఎడమవైపునకు జరిగి వ్రేలితో తడిమి చూచెడివాడు. పువ్వులన్నియు బిగిగా తీరుగా నుండెడివి. దిద్దవలసిన పని లేదు. ఉన్నను ఆ దీపమున ఆతనికి కనబడదు. "తమ్ముని కడుపున ఇట్టి చేయి పుట్టినది గదా!" యని సంతసించి నిద్రించెడివాడు. చీర సగమునకు వచ్చినది.

ఒకనాటి యుదయమున అచ్చియ్యమ్మ పెరటిలో చేతులు కడుగుకొనుచుండగా చౌడయ్య తన కుడివైపు నేతమీద చేయి పెట్టెను. ప్రతి నేతగాడును పువ్వు ముగిసినచోట పోగుకొసను తనదైన తీరున దాచును. చౌడయ్య ఎప్పుడును ఎడమకు త్రిప్పి దాచును. అది ఆతని చేతివ్రాత వంటిది. ఆ యుదయమున ఆతని వ్రేలి క్రింద కొస కుడికి తిరిగి యుండెను. ప్రక్కపువ్వును తడిమెను; అదియు కుడికే. దాని పైదానిని తడిమెను. తాను నిన్న వేసిన పువ్వులవి కావు. తనకంటె ముందుగా తెల్లవాఱువెలుగున వచ్చి ఎవరో వానిని లాగివైచి మరల వేసియున్నారు. ఎవరో యేమి! ఆ యింటికి వచ్చు మనుష్యు లెందఱు?

అచ్చియ్యమ్మ వచ్చి కూర్చుండి చిఱునవ్వు నవ్వి "కానిమ్ము పెదనాన్నా" యనెను. ఆతడడుగవలెనని నోరు తెఱచెను. ఆమె మొగమున అంత ప్రసన్నత యుండగా ఏమని యడుగును? అడిగినచో తన చేయి చెడినదని తానే చాటుకొన్నట్లగును. కండె తీసికొని పని కుపక్రమించెను.

అది మొదలు ఆతనికి సుఖము లేదు. ప్రతి యుదయమున ఆమె చూడకుండ వ్రేలితో తడిమెడివాడు. ఏ పువ్వు మిగిలినది ఏ పువ్వు పోయినదని వెదకెడివాడు. తనది మిగిలిన నాడు ఆమె చూచుకొనలేదు కాబోలుననుకొనెడివాడు. పోయిన నాడు అన్నము సయించెడిది కాదు. నేడు వేయు ఈ పువ్వు రేపుండదు గదా యన్న తలంపుతో వేయు పువ్వు ఎట్లుండును? నిన్నటికంటె వంకరగా వచ్చెడిది. మగ్గము వైపు పోవుటకు కాళ్లాడక నడుము నొప్పియని యొకనాడు గాలి పడలేదని యొకనాడు సాకు చెప్పి సముద్రపుటొడ్డునకు పోయి తడియిసుకలో కూర్చుండి తన యఱచేతులను చూచుకొనెడివాడు. ఇంతకాలము తన్ను పోషించిన చేతులు పరాయివానివలె కనబడెను. తనను తిట్టిన మనుష్యుడు లేడు. తనకు కీడు తలపెట్టిన మనుష్యుడు లేడు. అయినను ఆతనికి ఏడుపు వచ్చుచుండెను.

తుదకొక సాయంకాలమున ఇంక లాభము లేదని తలచి పీట దిగి నిలిచి చేతులు కట్టుకొని "అచ్చియ్యమ్మా, నేనింక కూర్చుండను తల్లీ. నీకు జోడు అక్కఱలేదు" అనెను.

అని యాగిపోయెను. ఆ మాట ఎక్కడనో వినినది. ఈ గదిలోనే, ఇట్లే చేతులు కట్టుకొని, ఇట్లే నిలిచి సన్న్యాసయ్య యనిన మాట యది. అప్పుడు తల కెక్కని మాట యిప్పుడు తన నోటినుండియే వెలువడి తన చెవులలో పడి సూటిగా గుండెలో దిగెను. సన్న్యాసయ్య మాత్రమేనా? వచ్చినవారందఱును, వారికంటె ముందు తమ్ముడును, ఈ మాటయే లోపల పెట్టుకొని పోయిరి. ఆతడు గుంట యంచున కూలబడెను.

అచ్చియ్యమ్మ బిత్తరపోయెను. "అయ్యో, ఏమైనది పెదనాన్నా? నేనేమైన తప్పు చేసితినా?"

"కుడివైపు పువ్వులు విప్పి వేయుచున్నది నీవే గదా?"

"నేనే. నీ కన్నులకు పొర వచ్చినది గదా, పోగు జాఱుచున్నది. పగలు నీ యెదుట విప్పిన బాగుండదని తెల్లవాఱుచుండగా వచ్చి వేయుచున్నాను."

"నాతో నొక్క మాట చెప్పరాదా తల్లీ?"

ఆమె నిజముగా ఆశ్చర్యపడెను. "చెప్పుట యేమి? మన యింటి పద్ధతి యిదియే గదా! నాన్న చిన్ననాటినుండి నాకు చెప్పెడివాడు. మీ పెదనాన్న ఎన్నడును నన్నొక మాట యనలేదు, తప్పున్నచో తానే విప్పి తానే వేసెడివాడు, అంతటి మంచివాడు భూమిమీద లేడు, అని. నీ ప్రక్కన కూర్చుండు భాగ్యము కలిగినపుడు నేనును అట్లే చేయవలెనని యనుకొంటిని."

తమ్ముడు చౌడయ్యను గుఱించి కూతునకు చెడుగా చెప్పలేదు, మంచిగా చెప్పినాడు. తగిలిన దెబ్బను దాచుకొని దానికి మంచితనమని పేరు పెట్టి బిడ్డకు నేర్పినాడు. ఆ బిడ్డ భక్తితో దానిని తెచ్చి మరల తనకే వడ్డించినది. ఇంతకంటె గట్టిగా ఏ శత్రువు కొట్టగలడు?

చౌడయ్య "మీ నాన్న పువ్వు లేల మానివైచెనో ఎన్నడైన చెప్పెనా?" అని యడిగెను.

"చెప్పుట కేమున్నది? నా చేతికి పువ్వు రాదమ్మా, తుండుగుడ్డలే నాకు తగిన పని, అనును. వేసి చూపుమని నేనెంత బ్రతిమాలినను వేయడు."

మఱునాటి యుదయమున సముద్రపుటొడ్డువెంట అచ్చియ్యమ్మ చేయి పట్టుకొని చౌడయ్య మొగలిదిబ్బకు నడచెను. ఆమె తన సహజమైన వాచాలత్వమును కట్టిపెట్టి కెరటము వచ్చినపుడు మాత్రము ఆతని నీవలకు లాగుచు నడచెను.

నీలకంఠము తన పూరింటి వసారాలో ఒంటిమగ్గమున కూర్చుండి తెల్లని తుండుగుడ్డ నేయుచుండెను. తల నెఱసినది, వీపు వంగినది. అన్నను చూచి నాడె విడిచి ఆదరాబాదరాగా లేవబోయెను.

"అన్నా! కబురైన పంపక వచ్చితివేమి? ఒంటిలో కులాసాయా?"

"కులాసాయే. లేవకుము. ఆ గుడ్డమీద ఒక పువ్వు వేయుము."

నీలకంఠము నవ్వెను. "నా చేతికి పువ్వు రాదన్నా. నీ వెఱుగనిదా?"

"రాదని ఎవరు చెప్పిరి?"

"ఎవరును చెప్పలేదు." నవ్వు మెల్లగా మాయమయ్యెను. "సాయంకాలము నేను విడిచిపోయిన పువ్వు తెల్లవాఱి కనబడెడిది కాదు. కొసను చూచి గుఱుతుపట్టెడివాడను. అడుగుదమని వచ్చెడివాడను, నీవు నవ్వుచు రా కూర్చుండు మనెడివాడవు. నీవంత చల్లగా మాటాడుచుండగా నా నోట మాట పెగలెడిది కాదు. కొన్నాళ్లకు ఎట్లును ఉండని పువ్వే గదా యనుకొని వేయజొచ్చితిని. ఉండదని తెలిసిన పువ్వును ఎవ్వడు బాగుగా వేయును? పోనిమ్ము, జరిగిపోయిన మాట. కాళ్లు కడుగుకొనుము, అన్నము తిందము."

"అన్నము తరువాత. పువ్వు వేయుము."

అన్న కంఠమున ఎన్నడును వినని పట్టుదల వినబడినందున నీలకంఠము ఇంటిలో వెదకి ఎఱ్ఱనూలు కండె యొకటి తెచ్చి తుండుగుడ్డ యంచున పువ్వు వేయ నారంభించెను. వ్రేళ్లు తడబడెను, పోగు రెండు మూడు మాఱులు తెగెను. పువ్వు ముగియుటకు చాలసేపు పట్టినది. ముగించి నీలకంఠము ప్రక్కకు జరిగి చేతులు ఒడిలో పెట్టుకొని కూర్చుండెను.

చౌడయ్య వంగి వ్రేలితో తడిమెను. క్రిందిరేకు సడలి పోయినది. చూపు మందగించినను వ్రేలి కది చక్కగా తెలిసినది. ప్రక్కనే వెదురుపుల్ల పడియున్నది. ఆతని చేయి జీవితకాలపు టలవాటున దానివైపు సాగినది; సాగి మధ్యలో నాగి మరల వెనుకకు వచ్చినది. ఒకని మొగముమీద తప్పు చెప్పుట ఆతనికి చేతగాని విద్య. అయినను చెప్పెను.

"తమ్ముడా, ఈ క్రిందిరేకు సడలినది. విప్పి మరల వేయుము. నీవే."

నీలకంఠము అన్న మొగమువైపు వింతగా చూచెను. తరువాత పుల్ల తీసికొని పోగును లాగివైచి మరల చొనిపెను.

"ఇప్పుడో?"

"కొన యొద్ద ఇంకను కొంచెము వదులుగనే యున్నది."

నీలకంఠము పకపక నవ్వెను. నవ్వుచు నవ్వుచునే కన్నులు తుడుచుకొనెను. "నేను సాయంకాలములందు గుమ్మము దాటగానే యింటికి పోయెడివాడనని యనుకొంటివా అన్నా? వెలుపల గోడ కానుకొని నిలిచెడివాడను. లోపలికి పిలిచి ఈ యొక్క మాట యనెదవేమోయని. నీవు దీపము వెలిగించి ఎడమవైపునకు జరిగిన చప్పుడు విని అప్పుడు పోయెడివాడను."

చౌడయ్య తమ్ముని భుజముమీద చేయి వేసి పట్టుకొనెను. నీలకంఠము మరల పోగు లాగి మరల వేసెను. ఈమాఱు చౌడయ్య వ్రేలితో తడిమి "బాగున్నది" అనెను. తప్పు చెప్పని నోరు ఒప్పును కూడ నెన్నడు చెప్పియుండలేదని అప్పుడు గాని ఆ యిరువురకును తెలియలేదు.

నీలకంఠము మరల కడలివాడకు రాలేదు. గుంటమగ్గమున గంటల తరబడి కాళ్లు వ్రేలాడవైచుట కాతని మోకాళ్లు సహింపవు. పోయిన యేండ్లు పోయినవే. వానిని విప్పి మరల వేయు పుల్ల ఎవరి యొద్దను లేదు. చౌడయ్య తిరిగి వచ్చి తన పీట మీదనే కూర్చుండెను. ఆ మగ్గపు గదిముందుగా పోవువారికి అటు తరువాత క్రొత్త మాటలు వినబడజొచ్చెను. "పెదనాన్నా, మూడవ పువ్వు వంకర పోయినది" అని అచ్చియ్యమ్మ గట్టిగా ననుటయు "ఔనే, విప్పుచున్నాను, నీ యెడమయంచు బిగిసినది, అదియు చూచుకొనుము" అని ముసలివాడు బదులు చెప్పుటయు విని ఎన్నడు జగడమెఱుగని యింట ఇదేమి గొడవయని ఊరివారు నవ్వుకొనిరి. చీర ముగిసినది, గుంట పూడ్చబడలేదు.

తోడివాని తప్పును చాటున దిద్దువాడు పనిని నిలుపుకొనవచ్చును గాని తోడివానిని నిలుపుకొనలేడు. ఈ పాటి విషయము తెలియుటకు చౌడయ్యకు ఆయువంతయు పట్టినది. కొందఱి కంతటితోను తెలియదు. ఆతడు బ్రదికినన్నాళ్లును పండుగకైనను పనికైనను ఒక ముతక తెల్లతుండునే భుజమున వేసికొని తిరిగెడివాడు. అందు అంచున నొక్కచోట ఒకే యొక ఎఱ్ఱపువ్వు. జాందానీ నేయు చేతికి ఈ తుండేమని ఎవరైన నడిగినచో ఆ పువ్వుమీద వ్రేలు పెట్టి "ఇది వేసినది నా తమ్ముడు. విప్పినదియు వాడే" అని చెప్పెడివాడు.